చెఱువుకట్టపై దేవత



సికింద్రాబాదు నుండి బొల్లారమునకు పోవు రైలుదారిలో సఫిల్‌గూడ అను చిన్న స్టేషను కలదు. ఆ ప్రాంతముననే, నేరేడ్‌మెట్టును ఆనుకొని, ఒక చెఱువున్నది. దానిని కొందఱు సఫిల్‌గూడ చెఱువనియు, కొందఱు నేరేడ్‌మెట్ చెఱువనియు పిలుతురు. పాతపేరు నడిమి చెఱువు. పేరు చిన్నదే గాని అందొక చరిత్ర ఇమిడియున్నది. నడిమిదన్నచో పైనొకటి, క్రిందనొకటి ఉండవలెను గదా! ఎగువన రామకృష్ణాపురము చెఱువును, దిగువన మల్కాజిగిరి వైపు బండచెఱువును కలవు. ఒకదాని అలుగుపై పొరలిన నీరు మఱియొకదాని కడుపు నింపునట్లు పెద్దలు కట్టించిన ఇట్టి వరుసలను గొలుసుకట్టు చెఱువులందురు.

ఈ నడిమి చెఱువు గట్టున కట్ట మైసమ్మ గుడి కలదు. ఆషాఢమాసమున బోనములెత్తుకొని స్త్రీలు బారులు తీరి వచ్చెదరు. చుట్టును మేడలు లేచినవి, కాలనీలు వెలసినవి, పల్లె యన్నది పేరునకైనను మిగులలేదు. ఐనను ఆ తల్లికి కట్ట మైసమ్మ యన్న పేరు మాఱలేదు. కట్ట యన్న ఆ ఒక్క మాటను పట్టుకొని నాలుగు సంగతులు ముచ్చటించుటయే నేటి ప్రసంగముయొక్క ఉద్దేశము. ప్రసంగము నడుమ ఒకమాఱు సముద్రములు దాటి, జపానుదేశపు జాలరుల దీవిలోని దేవాలయమునకు కూడ పోయి రావలసియుండును. అది వేడుకకై చేయు ప్రయాణము కాదు. పరాయి ఇంటి ముంగిట నిలిచి చూచినపుడు మన యింటి గడప ఎట్టిదో మఱింత బాగుగ తెలియును.

తెలంగాణమున పాత చెఱువు ఎక్కడనున్నను, కట్టమీదనో కట్టక్రిందనో మైసమ్మ ఉండుట వాడుక. హుస్సేన్ సాగరము కట్టక్రింద కనకాల కట్ట మైసమ్మ కలదు. దుండిగల్ దారిలో గండిమైసమ్మ పేర ఒక కూడలియే వెలసినది. కట్టకు గండిపడుట యెంత భయంకరమో ఎఱిగినవారికి ఆ పేరు యొక్క బరువు తెలియును. మహిషుని మర్దించిన అమ్మ గనుక మైసమ్మ అని కొందఱు పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. కావచ్చును. కాని వేపచెట్టు నీడను, పసుపు కుంకుమలు పూసిన ఒక రాతిగా, పై కప్పైనను లేక శతాబ్దములు నిలిచిన ఆ తల్లికి వ్యుత్పత్తితో అంతగా పని లేదు. ఆమె ఏమి చేయునో ఊరివారికి తెలియును. ఆమె కట్టను కాచును.

దేవతను ఊరినడుమ గాక కట్టమీద నిలుపుటలో గొప్ప యోచన కలదు. చెఱువుకట్ట చాలవఱకు మట్టిదే. నీటివైపు రాతి పేర్పు ఉండును, కట్ట కడుపులో తూము ఉండును, ఒక చివర అలుగు ఉండును. దానినే కొన్నిచోట్ల మత్తడి యందురు. నీరు అలుగుమీదుగ పోయినంతకాలము భయము లేదు. అలుగు మూసికొనిపోయినను, వాన మితిమీఱినను, నీరు కట్ట తలపై నుండి పొరలును. మట్టికట్ట తలపై నీరు పొరలుట యనగా దాని ఆయువు తీరుటయే. ఇంకొక చావు కూడ కలదు. అది చప్పుడు లేనిది. ఎలుకబొరియ, ఎండ్రకాయబొరియ, చచ్చిన చెట్టు వేరు కుళ్లిన సందు, వీనిలో నుండి నీరు జాలువారును. తొలిదినమున అది చెమటవలె ఉండును. ఆ నీరు తేటగా ఉన్నంతవఱకు కొంత ధైర్యము. బురదగా మాఱినదన్నచో లోపల మట్టి కొట్టుకొనిపోవుచున్నదన్నమాట. దానిని కనిపెట్టుటకు కట్టవెంట దినదినము నడచు మనుష్యుడుండవలెను. పూర్వము ఆ పనికి నీరటికాడుండెను. అతనితోడు, దీపము పెట్టుటకు మైసమ్మ కడకు వచ్చు ఆడవారుండిరి. తెల్లవారకమున్నే తెప్పతో వచ్చు జాలరి యుండెను. కట్టమీద దేవతయున్నచో కట్టమీద కాలిబాట చెడదు. ఈ మాట ఏ శాస్త్రగ్రంథమునను వ్రాయబడియుండకపోవచ్చును. ఐనను కాలిబాట లేని కట్టకును, ఉన్న కట్టకును గల భేదము రైతులెఱుగుదురు.

జాలరుల మాట వచ్చినది గనుక వారిని గూర్చి కొంత చెప్పవలెను. తెలంగాణపు చెఱువులలో చేపలు పట్టుట ముఖ్యముగ గంగాపుత్రులకును ముదిరాజులకును వృత్తి. గంగాపుత్రులనే బెస్తలని కూడ అందురు. తాము గంగమ్మ బిడ్డలమన్నది వారి కులనామములోనే ఉన్నది. వల నీటిలో వేయుటకు ముందు గంగమ్మను తలచుకొనుట వారి యాచారము. నేడు పెక్కు చెఱువులలో చేపల హక్కు మత్స్య సహకార సంఘములకు చెందియున్నది. వానలు పడి చెఱువు నిండిన తరువాత చేపపిల్లలను విడుతురు. 2016 తరువాత తెలంగాణ ప్రభుత్వమే ఉచితముగ చేపపిల్లలను పంచు పథకమును నడిపినది. ఇట్లు విడువవలసిన అవసరమేమి యన్నచో, బొచ్చె, రవ్వ మొదలగు పెద్దచేపలు నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. పాఱు నీరు, క్రొత్తనీరు వానికి కావలెను. కొఱ్ఱమీను సంగతి వేఱు. అది చెఱువులోనే పిల్లలను చేయును, నీటిపైకి వచ్చి గాలి పీల్చును, తన పిల్లలగుంపును తల్లిదండ్రులు రెండును కాచుకొని తిరుగును. దానిని తెలంగాణ రాష్ట్రపు చేపగ నిర్ణయించుట సమంజసమే. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేప తినవలెనన్న ఆచారము హైదరాబాదు నగరమును ఆ ఒక్క నాటికి చేపల సంతగా మార్చును.

ఇక జపానుకు పోదము. తోక్యో నగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, సగామి అఖాతము ఒడ్డున, ఎనోషిమా అను చిన్న దీవి కలదు. చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లు. వంతెనమీదుగ నడచి పోవచ్చును. దీవిలోను, ఎదుటి తీరమున కోషిగోయె అను పల్లెలోను జాలరులున్నారు. వెండ్రుకలవలె సన్నని చిఱుచేపలను వారు పట్టుదురు. పట్టిన వెంటనే ఉడికించి ఎండబెట్టుదురు. కొంత పచ్చిగనే తిందురు. జనవరి మొదలు మార్చి తొలిదినములవఱకు ఆ చేపలను పట్టరాదని అచ్చట కట్టడి కలదు. మన సముద్రతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవలకు వేట నిషేధమున్నట్లే. నిషేధము తీరిన తరువాత విశాఖపట్టణపు జాలరులు గంగమ్మకు పూజచేసి గాని పడవ కదల్పరు. నీటిమీద బ్రతుకువారి పంచాంగము ఎక్కడనైనను ఇట్లే ఉండును. కొంతకాలము తినవలెను, కొంతకాలము చేయి ముడుచుకొనవలెను.

ఎనోషిమా వాడలో అడుగుపెట్టగనే కంచుతో పోతపోసిన తోరణమొకటి ఎదురగును. రెండు స్తంభములు, పైన రెండు దూలములు, తలుపు లేదు. జపానువారు దానిని తోరీ యందురు. తోరణ శబ్దమునకును తోరీకిని పోలిక యున్నదని తొందరపడి బంధుత్వము కలుపువారున్నారు. పండితులింకను ఏకాభిప్రాయమునకు రాలేదు గనుక ఆ మాట అట్లుండనిండు. ఆ ద్వారము దాటినవాడు దేవుని నేలపై ఉన్నవాడు. మెట్లెక్కినవెంటనే నీటితొట్టి యుండును. చెక్కగరిటెతో నీరు తీసి ఎడమచేయి, కుడిచేయి కడుగుకొని, నోరు పుక్కిలించి, పిదప ముందునకు పోవలెను. గర్భాలయము నెదుట నాణెమొకటి పెట్టెలో వేసి, రెండుమాఱులు వంగి, రెండుమాఱులు చప్పట్లు చఱచి, మఱల ఒకమాఱు వంగి మ్రొక్కుదురు. లోపల విగ్రహము కానరాదు. షింటో మతమున దేవత సాధారణముగ ఒక అద్దమునందో, ఖడ్గమునందో, రాతియందో, ఒక్కొక్కచోట కొండయందో నెలకొనియుండునని నమ్మకము. వరిగడ్డితో పేనిన లావుపాటి త్రాడు ఆలయపు మొగమున వ్రేలాడును. అది పవిత్రస్థలమునకు హద్దు. మామిడాకుల తోరణము, వేపమండ కట్టుకొను ఇంటివారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు.

ఈ దీవిలో మూడు గుళ్లు కలవు. అందు ముగ్గురు అక్కచెల్లెండ్రు, సముద్రదేవతలు, పూజలందుకొనుచున్నారు. కాని 1868 వఱకు ఈ దీవికి అధిదేవత వేఱొకతె. ఆమె పేరు బెంజైతెన్. బెంజైతెన్ ఎవరనగా సరస్వతి! బౌద్ధగ్రంథములతోబాటు భారతదేశమునుండి చీనామీదుగ జపాను చేరిన సరస్వతియే ఆమె. చేతిలో వీణకు మాఱుగ బివా యను తంత్రీవాద్యము పట్టుకొనియుండును. 1868లో మేజీ ప్రభుత్వము బౌద్ధమును, షింటోను వేఱుచేయవలెనని ఆజ్ఞాపించినపుడు ఎందఱో దేవతల పేర్లు మాఱినవి. ఎనోషిమాలో కూడ ఆలయము పేరు మాఱినది గాని జనము నోట బెంజైతెన్ నిలిచినది. ఆమె పాత విగ్రహములు నేటికిని ఎనిమిది పలకల మందిరమొకదానిలో ఆ ఆలయప్రాంగణముననే కలవు.

గ్రంథాలయమున కూర్చున్నవారికి సరస్వతి యనగానే పుస్తకము స్ఫురించును. జపాను జాలరికి ఆమె స్ఫురింపజేయునది నీరు. విచారించి చూచినచో ఆ జాలరిదే తొలి యర్థము. సరస్వతి యనగా మొదట నది. ఆమె జపానుకు పోయినపుడు నదీస్వభావమును విడువక దీవులలోను, కొలనుల ఒడ్డులను, సముద్రపు గుహలకడను నివాసమేర్పఱచుకొన్నది. బివా సరస్సులోని చికుబు దీవియందును ఆమెయే యున్నది. ఎనోషిమా స్థలపురాణము 1047లో ఒక బౌద్ధభిక్షువు వ్రాసినదని ప్రతీతి. అందు ఐదుతలల మకరసర్పమొకటి ఆ తీరమున పిల్లలను మ్రింగుచుండగా, మేఘములనుండి దేవి దిగివచ్చినదనియు, ఆ క్షణముననే సముద్రమునుండి ఈ దీవి పైకి లేచినదనియు ఉన్నది. సర్పము ఆమెను చూచి మోహించి, దుష్టత్వము మానుదునని మాట యిచ్చి, తుదకు కొండగా మాఱి ఆ తీరమును కాచుచున్నదట. పొంగి పిల్లలను మ్రింగునదియు నీరే, మాట యిచ్చి కాచునదియు నీరే.

ఇట్టిదే మఱియొక కథ దేవుని ఊరేగింపును గూర్చి కలదు. కోషిగోయెలోని కోయురుగి గుడిలోని దేవమూర్తి పూర్వము పెద్ద అలకు కొట్టుకొనిపోయినదట. సముద్రమున పడియున్న ఆ మూర్తిని ఎనోషిమా జాలరులు కనుగొని తీసికొనిపోయి తమ దీవిలో గుడి కట్టి నిలిపిరట. అందుచేత ఏటేట జూలైమాసమున ఆ దేవుడు పల్లకిలో పుట్టినచోటికి పోవును. బోయీలు గోచులు పెట్టుకొన్న దీవి యువకులు. వారు పల్లకితో సముద్రములోనికి దిగుదురు. నీరు కంఠమువఱకు వచ్చినను భుజము తీయరు. పిమ్మట పల్లకి ఒడ్డుకెక్కి, కోషిగోయెకు చేరి, అచ్చటి దేవుని పల్లకితో కలిసికొనును. మన బోనాలనాడు అమ్మ పుట్టింటికి వచ్చునని నమ్ముదురు గదా! ఆషాఢమున ఆడబిడ్డ పుట్టింటికి వచ్చినట్లే అమ్మయు వచ్చును. ఆమెకు ఘటము నెదురేగించి, బోనము పెట్టి, సాకపోసి సాగనంపుదురు. అచ్చటివాడు దేవుడు, ఇచ్చటిది దేవత. పుట్టినచోటి మీది మమకారము మాత్రము ఒకటే.

మాసములు కూడ ఒకటే యగుట ఊరకనే కలిగిన పొత్తు కాదు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయకథనము శ్రోతలలో పెక్కుమంది విన్నదే. 1813లో జంటనగరములలో కలరా చెలరేగి జనము చనిపోవుచుండగా, సైన్యముతో ఉజ్జయినికి పోయిన సురిటి అప్పయ్య అచ్చటి మహంకాళికి మ్రొక్కుకొనెను. రోగము తగ్గినచో లష్కరులో గుడి కట్టింతునన్నాడు. తిరిగివచ్చి 1815లో అమ్మను ప్రతిష్ఠించెను. ఎనోషిమాలో ఊరేగు దేవుడు నేడు సుసానో పేర పూజలందుకొనుచున్నాడు. పూర్వము గోజుతెన్నో, అనగా ఎద్దుతల దేవరాజు. క్యోతో నగరమున 869లో అంటురోగము చెలరేగినపుడు 66 బల్లెములు నిలిపి శాంతి చేసిరి. గొప్ప గియోన్ ఉత్సవము అట్లు మొదలైనది. వేసవివానల కాలమున రోగములను పాఱద్రోలు దేవుడీతడని దేశమంతటను ఊరేగింపులు సాగినవి. గియోన్ అన్న పేరు మన దేశమున బుద్ధుడు నివసించిన జేతవనమునుండి వచ్చినది. మహిషమును ఎద్దుతలను చూచి ఇంకొక పోలిక కలుపవచ్చునని ఎవరికైనను తోచునేమో! కలుపకుండుటయే మేలు. తొలకరి వానలు, చెడిన నీరు, దానివెంట వచ్చు వాంతులు భేదులు, ఈ మూడును రెండు దేశములలో ఉన్నవి. దేవతల పుట్టుకకు ఇంతకన్న బలమైన కారణము వెదకనక్కఱలేదు.

కట్టకు మనుష్యుని బలి యిచ్చిన కథ కూడ ఇరుదేశములయందు కలదు. 720లో ముగిసిన నిహోన్ షోకి యను జపానుల పురాతన చరిత్రగ్రంథమున ఒక వృత్తాంతమున్నది. నింతోకు చక్రవర్తి కాలమున నదికి కట్ట కట్టుచుండగా రెండుచోట్ల గండి ఎంతకును పూడలేదట. ఇద్దఱు మనుష్యులను పేరుపెట్టి, వారిని నదీదేవునకు అర్పించుమని చక్రవర్తికి కలవచ్చెను. అందు మొదటివాడు ఏడ్చుచు నీటిలో దిగి చనిపోయెను. రెండవవాని పేరు కొరొమొనోకో. వాడు రెండు సొరబుఱ్ఱలు తెచ్చి నీటిలో వేసి, దేవుడు నిజముగ నన్నే కోరినచో వీనిని ముంచుగాక, ముంపలేనిచో ఆ దేవుడు బూటకము, బూటకపు దేవునికై నేనేల చావవలెను అని అడిగెను. సుడిగాలి లేచి బుఱ్ఱలను ముంపజూచినది గాని అవి అలలపై ఆడుచు కొట్టుకొనిపోయినవి. వాడు బ్రతికెను, గండియు పూడెను. ఒసాకా చెంత కడోమా పట్టణమున ఆ పాతకట్ట అవశేషమును, దాని ప్రక్కనే కట్టను కాచు దేవాలయమును నేటికిని కలవు. గుడి పేరునకు అర్థము కట్టమొదలు! ఆ దేశమున కట్ట మైసమ్మకు తోబుట్టువును వెదకదలచినవారు అచ్చటికి పోవలెను.

మన కథలో సొరబుఱ్ఱలు లేవు. అనంతపురము దగ్గఱ బుక్కరాయసముద్రపు చెఱువు తెగనుండగా, బసిరెడ్డి కడపటి కోడలు ముసలమ్మను బలి యిచ్చిన గాని కట్ట నిలువదని దైవవాణి పలికినదట. ఆ పడుచు పిల్లను అత్తకప్పగించి, భర్తకు చెప్పి, తానే గండిలో దిగినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిదశలో ఈ కథను తీసికొని ముసలమ్మ మరణము అను కావ్యము వ్రాసిరి. ఆధునిక తెలుగు కావ్యములకు అది తొలిమెట్టని చెప్పుదురు. గ్రంథాలయ సభ్యులు చదువదగినది. కరుణరసము మాట అట్లుంచి ఒక్కటి గమనింపవలెను. మగవాడైన కొరొమొనోకో దేవుని పరీక్షించి బ్రతికి వచ్చి కథానాయకుడైనాడు. కోడలైన ముసలమ్మకు పరీక్షించు అవకాశమే లేదు. ఆమె దేవత యైనది. కట్టలమీద నిలిచిన మన అమ్మలలో ఇంకెందఱు ఇట్టి కోడండ్రున్నారో!

కట్ట తెగుట కథలలోని మాట మాత్రమే కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచినది. సుమారు 15,000 మంది చనిపోయిరి. అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు పట్టుకొని నూటయేబదిమంది బ్రతికిన సంగతి నేటికిని చెప్పుకొందురు. నిజాము మహబూబ్ అలీ ఖాన్ స్వయముగ నదియొడ్డున నిలిచి మూసీకి హారతి యిచ్చెనని జనశ్రుతి. తరువాత వరదకు కారణము విచారింపవచ్చిన ఇంజనీరు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు మూసీ పరీవాహమున 788 చెఱువులుండగా అందు 221 చెఱువులు తెగినవని వ్రాసిరి. గొలుసుకట్టుయొక్క గుణమే ఇక్కడ దోషమైనది. పైచెఱువు తెగి క్రిందిచెఱువుపై పడును, అది తెగి దాని క్రిందిదానిపై పడును. ఒక్క కట్ట నిర్లక్ష్యము ఒక్క ఊరితో పోదు. విశ్వేశ్వరయ్యగారి సలహామీద ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను నిలిచినవి. వానివలన నగరమునకు త్రాగునీరు దొరకినది, మూసీ కొంత అణగినది. చిన్న చెఱువులను మాత్రము నగరము క్రమక్రమముగ మఱచినది. మఱపునకు ఫలము 2020 అక్టోబరులో కనబడినది. కుంభవృష్టికి పల్లెచెఱువు, గుఱ్ఱంచెఱువు కట్టలు తెగి, ఆ నీరు పాతబస్తీ దక్షిణపు వాడలలోని ఇండ్లలో పడినది. అలుగునుండి క్రిందిచెఱువుకు పోవు కాలువ ఉండవలసినచోట ఇండ్లుండుటయే అందు పెద్ద కారణము.

నడిమి చెఱువు తెగలేదు. దానికి వచ్చిన కష్టము వేఱు. పైనుండి వచ్చునది ఇప్పుడు వాననీరు మాత్రమే కాదు, కాలనీల మురుగు కూడ. మురుగులోని సారము తిని గుఱ్ఱపుడెక్క పెరుగును. ఆ ఆకుల దుప్పటి క్రింద ఎండ చొరదు, గాలి కలియదు. దుప్పటి లేనిచోట పచ్చని పాచి పెరిగి పగలంతయు నీటికి ప్రాణవాయువు నిచ్చి, రాత్రియంతయు తానే దానిని తీసికొనును. అందుచేత ప్రాణవాయువు మిక్కిలి తగ్గునది వేకువజామున. మురుగుచెఱువులలో చేపలు చచ్చి తేలుట తెల్లవాఱుజామునగుటకు కారణమిదే. నిన్నటివఱకు వలకు తగిన రవ్వయు బొచ్చెయు పొట్ట పైకి తిరిగి కట్ట రాళ్లకు తగులుకొనును. కొఱ్ఱమీను గాలి పీల్చి కొంతకాలము ఓర్చుకొనును. గంగాపుత్రుని ఇల్లు ఒక్క రాత్రితో ఒక సంవత్సరపు రాబడి పోగొట్టుకొనును. దానికి పంచనామా జరుగుట అరుదు.

మురుగును శుద్ధిచేయు యంత్రములు పెట్టుచున్నారు, గుఱ్ఱపుడెక్క తీయించుచున్నారు, గట్టున నడకదారి వేయుచున్నారు. ఇవి మంచి పనులే. కాని ఒక విచిత్రమును చెప్పక తప్పదు. నగరపు చెఱువులలో పెక్కింటి కడ గుడి పెరిగినది, చెఱువు తఱిగినది. వేపచెట్టు క్రింది రాయి ఉన్ననాడు కట్టక్రింద ఎకరములకొలది వరి పండెడిది. సిమెంటుగోపురము లేచిననాటికి తూముక్రింద పొలము లేదు, తూము తెఱచువాడు లేడు. అమ్మవారికి కానుకలు తగ్గలేదు, భక్తి తగ్గలేదు. ఆమె చేతనున్న పని మాత్రము తఱిగిపోవుచున్నది. కట్టను కాచు తల్లికి కట్ట వెనుక నీరు లేనిచో, లేదా ఉన్న నీరు ఎవరును త్రాగలేనిదైనచో, సాకపోయుట దేనికన్న ప్రశ్న ఒక ముసలి బెస్తవాడు అడిగినచో పండితులైనను సమాధానము వెదకుకొనవలసినదే.

ఈ విషయమున ఎనోషిమా వారిని మెచ్చుకొని ఊరకుండుట కూడ న్యాయము కాదు. జపానులోను సముద్రతీరపు కర్మాగారములు నీటిని విషము చేసిన కథలున్నవి. మినమాతా అఖాతపు జాలరులు పాదరసము చేరిన చేపలు తిని అంగవికలులైరి. 1956లో ఆ రోగమును అధికారికముగ గుర్తించిరి. అచ్చటను దేవాలయములుండెను, పల్లకీలుండెను. దేవుని భుజముపై మోయుట ఒకటి, దేవుని నీటిని కాపాడుట ఒకటి. రెండును కలిసియున్నచోట్లు కూడ ఆ దేశమున కలవు. సగామి అఖాతముననే మనజూరు అను జాలరిగ్రామమున తీరపు అడవిని చేపలకొఱకని తరతరములుగా నఱుకక కాపాడుచున్నారు. చెట్లనీడ నీటిపై పడినచోట చేప చేరునని వారి యెఱుక. ఆ గ్రామపు కిబునే దేవుడు ఏటేట జూలై మాసమున అలంకరించిన పడవపై రేవు దాటును. అడవి, దేవుడు, వల అన్నవి అచ్చట మూడు లెక్కలు కావు.

నేరేడ్‌మెట్ చుట్టుప్రక్కల బోనము నెత్తినబెట్టుకొని కట్టకు వచ్చు ఇల్లాండ్రలో చెఱువు వంక తిరిగి చూచువారు ఇప్పటికి కొందఱే. వారిలోనైనను మాట కదులుచున్నది. కొన్ని కాలనీలవారు చెఱువు గట్టున చెత్త వేయనీయక కాపుకాయుట, అధికారులకు అర్జీలు పెట్టుట, వారాంతమున గుఱ్ఱపుడెక్క తామే లాగుట నగరమున అక్కడక్కడ జరుగుచున్నది. వారికి మురుగుకాలువల పటములు తెలియును, మండలాఫీసుల దారి తెలియును. జాలరికి నీరు తెలియును. ఈ ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టిన సభలు మాత్రము అరుదు. చెఱువు సుందరీకరణమునకు గీసిన పటములలో బల్లలు, దీపస్తంభములు, పడవషికారు రేవు ఉండును గాని, తెప్ప కట్టుకొనుటకును, వల ఆరవేసికొనుటకును చోటు చూపినవి ఎన్ని యున్నవి?

తొలకరివానకు ఎగువ చెఱువు అలుగు పాఱి క్రొత్తనీరు నడిమి చెఱువులోనికి వచ్చిననాడు, ఆ నీరు ఎట్టిదో మొదట తెలిసికొనునది ప్రయోగశాల కాదు. వేకువనే తెప్పపై పోవు మనుష్యుడు. నీటిని దోసిట పట్టి వాసన చూచును. వల లాగి, చేప మొప్ప ఎత్తి, రంగు చూచును. ఎఱ్ఱగా నున్నచో గంగమ్మను తలచుకొని చేపను బుట్టలో వేయును. నల్లబడియున్నచో ఏమియు అనక, తెప్పను మైసమ్మ కట్టవైపు త్రిప్పును.